తెలుగు రాని మనవలు, ఇంగ్లీషు రాని అమ్మమ్మలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నాది తెనాలి, మా ఆయనది జగిత్యాల దగ్గర పల్లె, కాపురం న్యూజెర్సీలో. ఇద్దరు పిల్లలు. ఊరి ప్రయాణాలు దగ్గరపడే రోజుల్లో గుళ్ళోనో, ఎవరింట్లోనో పుట్టినరోజు భోజనాల దగ్గరో తోటి తల్లులు నన్ను అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు. నేను భాషా పండితురాలినేమీ కాను. పెద్దదాని విషయంలో చేయగలిగిన తప్పులన్నీ చేసి, చిన్నవాడి దగ్గర కొన్ని దిద్దుకున్నాను. ఆ అనుభవంతోనూ, చదివి తెలుసుకున్న కాస్తతోనూ చెబుతున్నాను.

మా పాపకి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. ఇది తెలుగు వచ్చినట్టా, రానట్టా?

సగం వచ్చినట్టు. ఆ సగం తక్కువదేమీ కాదు. మీకు ఇంగ్లీషు వచ్చని దానికి తెలుసు కాబట్టి మీ దగ్గర తెలుగు పలకాల్సిన అగత్యం దానికి లేదు. "అన్నం తిన్నావా" అంటే "యా, ఐ డిడ్" అంటుంది, మీరూ సరేనని వెళ్ళిపోతారు. అమ్మమ్మ దగ్గర అలా కుదరదు. మా పెద్దది ఆరేళ్ళప్పుడు తెనాలిలో దిగిన నాలుగో రోజున, నేను స్నానానికి వెళ్ళిన సమయంలో, "అమ్మమ్మా, కుక్క వచ్చింది, చెప్పు తీసుకుపోయింది" అని అరిచింది. అన్ని తెలుగు మాటలు వరసగా దాని నోట అంతవరకూ నేను వినలేదు. ఆ మాటలన్నీ ఎప్పటినుంచో లోపలే ఉన్నాయి. నేను పక్కన లేకపోబట్టి బయటికి వచ్చాయి.

మేమిద్దరం తెలుగువాళ్ళమే. అయినా పిల్లలకి ఎందుకు పట్టుబడలేదు?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళ ఇళ్ళలో ఒక్క పూట కూర్చుంటే చాలు, జవాబు దొరుకుతుంది. "బాబూ, షూస్ వేసుకో, లేట్ అవుతోంది, హరీ అప్" అన్నది తెలుగేనా? మా ఇంట్లోనూ అదే భాష, దాస్తే లాభం లేదు.

బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతంలో ఆనిక్ డి హావర్ అనే పరిశోధకురాలు 1,899 కుటుంబాల మాటతీరు పరిశీలించి 2007లో ఒక వ్యాసం ప్రచురించింది. బయట డచ్చి, ఇంట్లో మరో భాష ఉన్న కుటుంబాలవి. తల్లిదండ్రులిద్దరూ ఇంటి భాష ఒక్కటే మాట్లాడే ఇళ్ళలో నూటికి 97 చోట్ల పిల్లలూ ఆ భాష మాట్లాడారు. ఇద్దరూ రెండు భాషలూ కలిపి మాట్లాడే ఇళ్ళలో అది 79కి తగ్గింది. ఒకరు పూర్తిగా డచ్చి, రెండోవారు కలగలుపు అయితే 36 దగ్గర ఆగింది. మనలో చాలామందిమి మధ్య రకం. మన ఇళ్ళు బెల్జియం ఇళ్ళలాంటివి కావు, నిజమే. అయినా ఈ లెక్క చూశాక నేను కారులో ఉన్నంతసేపూ తెలుగే మాట్లాడాలని ఒక నియమం పెట్టుకున్నాను. ఇల్లంతా మార్చడం నావల్ల కాలేదు. కారు మాత్రం మారింది.

వీడియో కాల్‌లో "హాయ్ అమ్మమ్మా" అని పారిపోతున్నారు. ఏం చేయాలి?

పాపం వాళ్ళు మాత్రం ఏం మాట్లాడతారు? మన కాల్స్ ఎలా సాగుతాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. "ఏం తిన్నావురా?" "బడికి వెళ్ళావా?" "ఎప్పుడు వస్తావు?" వారం వారం ఇవే మూడు ప్రశ్నలు. తెలుగు బాగా వచ్చిన పిల్లలైనా వీటికి ఐదు నిమిషాలకు మించి నిలబడరు. ఇక్కడ అడ్డు పడేది భాష ఒక్కటే కాదు, ఇద్దరికీ కలిపి చేయడానికి పనంటూ లేదు.

మాకు పనికొచ్చింది అష్టాచెమ్మా. ఐదు గళ్ళు ఐదు వరసల పటం మా అమ్మ అక్కడ నేలమీద సుద్దతో గీసుకుంది, ఇక్కడ మేం అట్టమీద గీశాం. ఎవరి గవ్వలు వాళ్ళే వేస్తారు, రెండు పటాల మీదా కాయలు జరుపుతారు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్ట, ఎనిమిది. రెంటికీ మళ్ళీ పందెం. "ఎన్ని పడ్డాయి?", "నీ కాయ చంపేశా", "పండింది!", "దొంగాట ఆడకు అమ్మమ్మా": నెల తిరిగేసరికి మా చిన్నవాడికి ఇవన్నీ వచ్చేశాయి. ఎవరూ నేర్పలేదు. అమ్మమ్మ నిజంగానే దొంగాట ఆడుతుంది, కాబట్టి ఆ మాట అవసరమైంది.

ఆట వద్దనుకుంటే వంట. ఫోను పొయ్యి పక్కన నిలబెట్టి అమ్మమ్మ పోపు వేస్తుంటే ఏది ముందు వేయాలో మనవరాలు చెప్పాలి. ఆవాలు చిటపటలాడే చప్పుడు ఏ భాషలోనైనా అర్థమవుతుంది. వామన గుంటలైతే ఫోనులో కష్టం, పద్నాలుగు గుంటల్లో గింజలు లెక్క తప్పుతాయి. దాన్ని ఊరికి వెళ్ళినప్పటికి అట్టేపెట్టండి.

వేళ సంగతి కూడా ముఖ్యమే. మా దగ్గర ఎండాకాలంలో ఇండియాతో తేడా తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. శనివారం పొద్దున ఎనిమిదింటికి ఇక్కడ పిల్లలు హుషారుగా ఉంటారు, అక్కడ సాయంత్రం ఐదున్నరో, ఆరున్నరో. మన రాత్రి ఎనిమిదింటికి పిల్లలు నిద్రకి జోగుతుంటారు, అక్కడ అమ్మ కాఫీ డికాక్షన్ దిగకముందే ఫోను పట్టుకోవాలి. ఇద్దరికీ విసుగే.

పసిపిల్లకి ఫోను చూపించకూడదంటారు కదా, మరి తాతయ్యని చూపించవచ్చా?

చూపించవచ్చు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో, పద్దెనిమిది నెలలు నిండని పిల్లలకి తెరలు వద్దని చెబుతూనే వీడియో కాల్స్‌కి మినహాయింపు ఇచ్చింది. తెరమీద బొమ్మకీ తాతయ్యకీ తేడా ఉంది: పిల్ల కేరితే తాతయ్య తిరిగి పలుకుతాడు. ప్యాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం 2003లో ఒక ప్రయోగం చేసింది. తొమ్మిది నెలల అమెరికన్ పిల్లల ముందు మనుషులు స్వయంగా కూర్చుని పన్నెండు విడతలు చైనీస్‌లో మాట్లాడితే ఆ భాష ధ్వనులు వాళ్ళ చెవికి అందాయి. అవే మాటలు వీడియోలో చూపిస్తే ఏమీ అందలేదు. రెండేళ్ళు దాటిన పిల్లల మీద 2014లో జరిగిన మరో ప్రయోగంలో, రికార్డు చేసిన వీడియో నుంచి కొత్త మాటలు రాలేదుగానీ అవతలి మనిషి అప్పటికప్పుడు బదులిచ్చే వీడియో కాల్ నుంచి వచ్చాయి. కాబట్టి తెలుగు కార్టూన్లు పెట్టి వదిలేస్తే తెలుగు వచ్చేస్తుందని ఆశపడకండి.

వాళ్ళిద్దరి మధ్య నేను అనువాదం చేస్తూ కూర్చోవాలా?

నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క జవాబులోనే ఉంది. వద్దు. లేచి వెళ్ళిపోండి.

మొదటి మూడేళ్ళు నేను దుబాసీ పని చేశాను. అమ్మ ఏదో అనేది, నేను ఇంగ్లీషులోకి మార్చేదాన్ని, పాప జవాబు తెలుగులోకి తెచ్చేదాన్ని. తెచ్చేటప్పుడు కాస్త మెరుగులు కూడా దిద్దేదాన్ని. పాప "ఇట్స్ బోరింగ్" అంటే నేను "దానికి నిద్ర వస్తోందమ్మా" అనేదాన్ని. అమ్మ "ఇదేంటి ఇంత బక్కగా ఉంది, నువ్వు తిండి పెట్టట్లేదా" అంటే "అమ్మమ్మ నువ్వు అందంగా ఉన్నావంటోంది" అని చెప్పేదాన్ని. ఇద్దరూ నావైపే చూసి మాట్లాడేవాళ్ళు. మూడేళ్ళలో వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు సరిగ్గా చూసుకోలేదంటే ఆ తప్పు నాదే.

ఒక వేసవిలో పళ్ళ నొప్పితో గుంటూరు తిరగాల్సొచ్చి, వరసగా ఐదు రోజులు దాన్ని మా అమ్మ దగ్గర వదిలేశాను. మొదటి రోజు ఇద్దరూ బిక్కమొహాలు వేసుకుని కూర్చున్నారట. మూడో రోజు నేను వచ్చేసరికి వసారాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. అమ్మ ఒక్కో కాయ తీసి చూపించడం, ఇది తప్పు, ఇది ఒప్పు అని తల ఊపడం. నేను గుమ్మంలో నిలబడితే ఇద్దరూ తలెత్తలేదు.

ఎవరికైనా నేనిచ్చే సలహా ఒకటే: ఆపద మాటలు నాలుగు నేర్పి పక్కకి తప్పుకోండి. "నీళ్ళు కావాలి", "నొప్పిగా ఉంది", "బాత్రూమ్ వస్తోంది", "ఇక చాలు". ముఖ్యంగా ఆ చివరిది. మన పెద్దవాళ్ళ వడ్డన ముందు ఆ మాట రాకపోతే పిల్లల పని అంతే.

ఊరికి ఎప్పుడు వెళితే మంచిది?

ఇది పంచాంగం పెట్టుకుని చూడాల్సిన విషయం. ఆంధ్రలోనూ తెలంగాణలోనూ బళ్ళు ఏప్రిల్ చివర్లో మూసి జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. న్యూజెర్సీలో సెలవులిచ్చేదే జూన్ మూడో వారం తరవాత. మనం బోలెడు డబ్బు పోసి టికెట్లు కొని దిగేసరికి అన్నలూ బావలూ యూనిఫారాలు వేసుకుని ఆటో ఎక్కుతుంటారు. పగలంతా మన పిల్లలు గోడకి బల్లుల్లా. టెక్సస్ వాళ్ళు నయం, మే ఆఖరుకే సెలవులు కాబట్టి రెండు వారాలు కలిసొస్తాయి, ఎండలకి తట్టుకోగలిగితే.

సంక్రాంతికి వెళదామంటే ఇక్కడ బళ్ళు జనవరి 2, 3 తేదీలకల్లా తెరుస్తారు. అయినా ఒక ఏడాది పిల్లల్ని పది రోజులు బడి మాన్పించి వెళ్ళాం. బడివాళ్ళ దగ్గర నుంచి ఘాటైన ఉత్తరం ఒకటి వచ్చింది. భోగిమంట కోసం పుల్లలు ఏరడానికి వీధి పిల్లలంతా వచ్చి మావాణ్ణి లాక్కెళ్ళారు. ఆ ఉత్తరం దాచుకున్నాను, బాధైతే లేదు.

వేసవిలోనే వెళ్ళాల్సి వస్తే సాయంత్రాల మీద ఆశ పెట్టుకోండి, పగలు పెద్దవాళ్ళకి వదిలేయండి.

దిగగానే బంధువులంతా మీదపడి బుగ్గలు గిల్లుతారు. పిల్ల ఏడుస్తుంది. వాళ్ళు నొచ్చుకుంటారు.

మొదటి రెండు రోజులు ఊళ్ళోకి కబురు పెట్టకండి. కుదరకపోతే వచ్చినవాళ్ళని పాప చేతికి ఏదో ఒకటి ఇచ్చి పలకరించమనండి, జామకాయైనా సరే. ఎత్తుకోవడం తరవాత. మా చిన్నత్తయ్య ఒకావిడ ఎవరు చెప్పకుండానే ఇది చేసేది. పలకరించకుండా దూరంగా పీటేసుకుని కూర్చుని తనపాటికి మల్లెమొగ్గలు గుచ్చుకునేది. గంట తిరక్కుండా పిల్లలంతా ఆవిడ చుట్టూ ఉండేవాళ్ళు.

"ఏదీ, తాతయ్యకి తెలుగులో ఒక పద్యం చెప్పు" అని పదిమందిలో నిలబెట్టడం మాత్రం ఎవరు చేసినా ఆపండి. అది మీ నాన్నగారైనా సరే.

వరసలు ఎలా నేర్పాలి? అందర్నీ అంకుల్, ఆంటీ అంటున్నారు.

ఇంగ్లీషులో అంకుల్ ఒక్కటే. మనకి పెదనాన్న, బాబాయి, మావయ్య ముగ్గురు వేరు మనుషులు, వేరు చనువులు. నాన్న అన్నదమ్ముల పిల్లలు అన్నలు, చెల్లెళ్ళు. మేనత్త, మేనమామ పిల్లలు బావలు, వదినలు, మరదళ్ళు. బల్లమీద బొమ్మగీసి చెబితే మా పెద్దది గణితం లెక్కలా నేర్చుకుంది, మనుషులు ఎదురయ్యాక మర్చిపోయింది. పేరుతో కలిపి, ఫొటో చూపించి, ఆ మనిషి గురించి ఒక చిన్న కథ చెబితే గుర్తుంది. "చెట్టెక్కి దిగలేక ఏడ్చిన మావయ్య" అంటే ఎవరో మా చిన్నవాడు ఇప్పటికీ చెబుతాడు.

ఒక ఇబ్బంది ముందే చెప్పాలి. బావ వరస అనగానే మన పెద్దవాళ్ళు "ఏమే, బావని చేసుకుంటావా" అని వేళాకోళం ఆడతారు. ఇక్కడ పెరిగిన పదేళ్ళ పిల్లకి అది వేళాకోళంలా వినపడదు, భయం వేస్తుంది. మా అమ్మాయి రెండు రోజులు ఆ ఇంటికి వెళ్ళనంది. నేను మా పెద్దమ్మకి నెమ్మదిగా చెప్పాను. ఆవిడ "మా రోజుల్లో ఇదే సరదా" అని నొచ్చుకుంది, కానీ మానేసింది. ఇద్దరిలో ఎవరో ఒకరు నొచ్చుకోక తప్పనప్పుడు నొచ్చుకునేది పెద్దవాళ్ళయితే నయం.

పిల్లాడు తాతగారిని "నువ్వు రా" అంటున్నాడు. మర్యాద లేదంటున్నారు.

వాడు విన్నదే అంటున్నాడు. మీరు వాణ్ణి రోజూ "రా, తిను, కూర్చో" అంటారు. "రండి" అన్న మాట వాడి చెవిన పడేదెప్పుడు? మీ ఆయన్ని మీరు పేరుపెట్టి పిలుస్తారాయె. ఫోనులో అత్తమామలతో మాట్లాడేటప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోండి, చాలు. అమ్మమ్మని నువ్వు అనడం మా వైపు తప్పు కాదు, చనువు. తాతయ్య దగ్గర ఇంటింటికీ రివాజు వేరు, ఆ ఇంటి పిల్లలు ఏమంటే అదే అననివ్వండి.

అక్కడి పిల్లలు కూడా ఇంగ్లీషులోనే మాట్లాడేస్తున్నారు!

అందరూ ఇంగ్లీషు మీడియమేగా. అమెరికా చుట్టం వచ్చిందంటే వాళ్ళకి ఇంగ్లీషు సాధన చేసుకునే అవకాశం. పిల్లలూ పిల్లలూ ఎలాగో కలుస్తారు, వాళ్ళ గురించి దిగులు వద్దు. మిగిలిపోయేది అమ్మమ్మలు, నాయనమ్మలు. అందులోనూ ఒక చిత్రం: మా అమ్మ మనవణ్ణి చూడగానే "వాటర్ తాగుతావా, రైస్ పెట్టనా, కౌ చూడు కౌ" అంటుంది. ఇంట్లో నేను ఆవు అని నేర్పినవాడికి వాళ్ళ అమ్మమ్మ కౌ అంటోంది! చెప్పగా చెప్పగా ఇప్పుడు ఆవు మళ్ళీ ఆవైంది.

ఉచ్చారణ విని అందరూ నవ్వుతున్నారు.

"ళ" పలకదు, "ణ" పలకదు, "తాత" అనబోతే "టాటా" అవుతుంది. ఇది బద్ధకం కాదు. ఆరేడు నెలల పిల్లలు ఏ భాష ఇంట్లో పుట్టినా త, ట తేడా పట్టగలరనీ, ఆ తేడా లేని ఇంగ్లీషు వింటూ పెరిగినవాళ్ళకి ఏడాది నిండేలోపే ఆ పట్టు సడలుతుందనీ జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు 1984లో చూపించారు. వాళ్ళు వాడింది హిందీ ధ్వనులు, మనకీ అవే. నవ్వడం ఆగదు, మన జనం నవ్వకుండా ఉండలేరు. అయితే మీరు నవ్వకండి. పిల్లలని కూడా నవ్వనివ్వండి: తాతయ్య చేత ఇంగ్లీషు మాటలు పలికించమని మావాడికి చెప్పాను. ఆయన "స్క్విరల్" అనలేక అవస్థపడుతుంటే వాడు నేలమీద దొర్లి నవ్వాడు. లెక్క సరిపోయింది.

నా వైపు ఆంధ్ర, మా ఆయన వైపు తెలంగాణ. ఏ తెలుగు నేర్పాలి?

రెండూ వస్తాయి, గాభరా పడకండి. మా అత్తగారు ఫోనెత్తగానే "ఎట్లున్నవ్ బిడ్డా, తిన్నవా" అంటుంది. మా అమ్మ "ఎలా ఉన్నావురా కన్నా" అంటుంది. మొదట్లో మావాడు అవి రెండు భాషలనుకున్నాడు. ఇప్పుడు నాయనమ్మతో "మంచిగున్న" అంటాడు, అమ్మమ్మతో "బాగున్నాను" అంటాడు. దిద్దబోయింది నేనే, మా ఆయన ఊరుకోలేదు. ఆయన అన్నది నిజం: వాడు "మంచిగున్న" అన్నప్పుడు ఆవిడ మొహం చూడాలి.

పిల్ల మాటలు ఆలస్యమయ్యాయి. రెండు భాషలు వద్దు, ఇంగ్లీషు చాలన్నారు.

మా స్నేహితురాలికి ఒక డాక్టరు ఇలాగే చెప్పారు. ఆవిడ తెలుగు ఆపేసింది, మాటలు త్వరగా రాలేదు సరికదా తాతయ్యతో ఉన్న నాలుగు మాటలూ పోయాయి. రెండు భాషల వల్ల మాటలు ఆలస్యం కావు. నిజంగా ఆలస్యం ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది, దానికి వైద్యం వేరే కావాలి. రెండు భాషల పిల్లల గురించి తెలిసిన స్పీచ్ థెరపిస్టుని చూడండి, రెండు భాషల్లో వచ్చిన మాటలూ కలిపి లెక్కపెట్టమనండి.

రాయడం, చదవడం కూడా నేర్పాలా?

బంధం కోసమైతే తొందర లేదు. వారాంతపు బడులున్నాయి, సిలికానాంధ్ర మనబడి 2007 నుంచి నడుస్తోంది, మా పెద్దది అక్కడే రెండేళ్ళు చదివింది. అక్షరాలు వచ్చినందుకు కలిగిన లాభం ఒకటి చెబుతాను: తాతయ్య వాట్సాప్‌లో పెట్టే పొద్దుటి సందేశాలు కూడబలుక్కుని చదివి, "శుభోదయం" అని తిరిగి పెడుతుంది. ఆయన దాన్ని ఊరందరికీ చూపించాడు.

తాతయ్యకి వినపడదు. పిల్ల గొంతు అసలే సన్నం.

వయసుతో ముందు పోయేది సన్నని శబ్దాలు వినే శక్తే, అందుకే పిల్లల మాట మరీ కష్టం. అరవద్దు. ఎదురుగా, మొహంమీద వెలుగు పడేలా, నెమ్మదిగా మాట్లాడమనండి. టీవీ కట్టేయండి. మామగారితో మావాడు చదరంగం ఆడతాడు. గంటన్నరలో పలికే మాటలు రెండో మూడో ఉంటాయి, రెండుసార్లు షా, ఒకసారి టీ వద్దని.

వచ్చిన రెండు నెలల్లో అంతా మర్చిపోయారు. ఇంత ఖర్చూ వృథాయేనా?

మాటలు జారిపోతాయి, నిజమే. మళ్ళీ వెళ్ళినప్పుడు మొదటిసారి నాలుగు రోజులు పట్టింది రెండోసారి ఒక పూటలో తిరిగొస్తుంది, మా ఇద్దరి దగ్గరా చూశాను. వీలైతే పెద్దవాళ్ళనే రప్పించుకోండి. సందర్శక వీసా మీద వస్తే మామూలుగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు. ఆ ఆరు నెలల్లో మీరు ఆఫీసులో, అమ్మ ఇంట్లో, పిల్లలు బడి నుంచి మూడింటికి. మూడింటి నుంచి ఆరింటి దాకా ఇంట్లో దుబాసీ ఉండరు.

కిందటేడు మా అమ్మ వచ్చి వెళ్ళింది. అష్టాచెమ్మా పటం అట్ట చివికిపోతే మావాడు కొత్తది గీశాడు. రెండు కాయలు పండాల్సి ఉన్న ఆట ఒకటి మధ్యలో ఆగింది, ఈ శనివారం పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడతారట. నన్ను వంటింట్లోనే ఉండమన్నారు.